టెక్ సందేహాలు: రేట్లు పెట్టగానే యాప్ ఎందుకు పడిపోతోంది?

ప్రశ్న: మిత్రులం కలిసి రొయ్యల రేట్లు చెప్పే యాప్ చేశాం. కావలి, అల్లూరు, విడవలూరు వైపు రైతులు 4,000 మంది దాకా వాడుతున్నారు. రోజంతా బాగానే ఉంటుంది. సాయంత్రం కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు తూగుతాయన్న లెక్క) వారీగా రేట్లు పెట్టి నోటిఫికేషన్ పంపగానే మాత్రం పది నిమిషాల పాటు తెరుచుకోదు. లోకస్ట్ అనే టెస్టింగ్ టూల్‌లో 500 మంది ఉత్తుత్తి యూజర్లను పెట్టి ఏపీఐని (యాప్ అడిగినదానికి సర్వర్ జవాబిచ్చే దారిని) టెస్ట్ చేశాం. సగటున సెకను లోపే జవాబు వస్తోంది. మరి లోపం ఎక్కడుంది?
– ఒక పాఠకుడు, కావలి

జవాబు: సర్వర్ కంటే ముందు మీ టెస్టునే అనుమానించాలి. 500 మంది అంటే వినడానికి పెద్ద అంకే. కానీ లోకస్ట్‌లో ఒక్కో యూజర్ ఒక పని చేసి, వెయిట్ టైమ్‌లో మీరిచ్చినంత సేపు ఆగి, అప్పుడు ఇంకో పని చేస్తాడు. ఆగేది 9 సెకన్లు, జవాబుకు పట్టేది 1 సెకను అనుకోండి. ఒక్కొక్కరు 10 సెకన్లకు ఒక రిక్వెస్ట్, అందరూ కలిసి సెకనుకు 50. ఇప్పుడు మీ రైతుల లెక్క చూద్దాం. సగం మంది నోటిఫికేషన్ వచ్చిన నిమిషంలోనే యాప్ తెరిచారనుకుందాం. తెరవగానే రేట్లకు, ప్రొఫైల్‌కు, పాత రేట్ల గ్రాఫ్‌కు కలిపి మూడు రిక్వెస్టులు వెళ్తే మొత్తం 6,000, అంటే సెకనుకు 100. అదీ నిమిషమంతా సమానంగా పరుచుకుంటేనే! మొదటి కొద్ది సెకన్లలోనే ఎక్కువ మంది నొక్కుతారు. స్వర్ణాల చెరువు దగ్గరికి మామూలు రోజుల్లో ఎందరొస్తారో లెక్కేసి రొట్టెల పండుగకు ఏర్పాట్లు చేయరు కదా.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటుంది. సర్వర్ మొరాయిస్తే ఉత్తుత్తి యూజర్ జవాబు వచ్చేదాకా ఓపిగ్గా కూర్చుంటాడు. దాంతో రిక్వెస్టులు వాటంతటవే తగ్గిపోయి, సర్వర్‌కు ఊపిరి పీల్చుకునే సందు దొరుకుతుంది. అసలు రైతు అలా ఊరుకోడు. గుంట గట్టున నిలబడి, కొనేవాడు ఫోన్‌లో లైన్ మీద ఉండగా 40 కౌంటు ఎంతుందో చూడాలి ఆయన. తెర మీద చక్రం తిరుగుతుంటే కిందికి లాగి రిఫ్రెష్ కొడతాడు, యాప్ మూసి మళ్లీ తెరుస్తాడు. పాత రిక్వెస్ట్ పని సర్వర్లో ఇంకా నడుస్తుండగానే కొత్తది దాని వెనక చేరుతుంది. మీ పది నిమిషాల టెన్షన్‌కు ఇదే కారణం అయ్యుండే అవకాశం ఎక్కువ.

కాబట్టి మనుషుల సంఖ్యను పక్కన పెట్టి, సెకనుకు ఎన్ని రిక్వెస్టులు రావాలో మీరే నిర్ణయించండి. కే6 అనే ఉచిత టూల్‌లో 'ర్యాంపింగ్ అరైవల్ రేట్' పద్ధతి ఇందుకే ఉంది. సర్వర్ నెమ్మదించినా అది రిక్వెస్టులు పంపడం ఆపదు. కాసేపు సెకనుకు 5 చొప్పున పంపి, పది సెకన్లలో 200కు ఎక్కించి, ఒక నిమిషం అక్కడే ఉంచి దించండి. దించాక సర్వర్ ఎంతసేపటికి తేరుకుందో తప్పకుండా చూడండి. రిపోర్టులో 'డ్రాప్డ్ ఇటరేషన్స్' కనబడితే కే6 అనుకున్నన్ని రిక్వెస్టులు పంపలేకపోయిందని అర్థం. అప్పుడు ఉత్తుత్తి యూజర్లను పెంచి మళ్లీ నడపండి. టెస్ట్ నడిపే మిషన్, సర్వర్ వేర్వేరుగా ఉండాలి.

సగటును మాత్రం నమ్మకండి. 100 రిక్వెస్టుల్లో 90 రిక్వెస్టులు 0.2 సెకన్లలో, మిగతా పది 8 సెకన్లలో పూర్తయితే సగటు 0.98 సెకన్లే వస్తుంది. పదిమందిలో ఒకరు 8 సెకన్లు చక్రం చూస్తూ కూర్చున్న సంగతి అందులో కనబడదు. 95వ పర్సంటైల్ (100 రిక్వెస్టుల్లో 95 ఎంతసేపట్లోపు పూర్తయ్యాయో చెప్పే అంకె) చూడండి, దాని పక్కనే ఎర్రర్ల శాతం కూడా. అలాగే టెస్టులో అందరికీ ఒకే లాగిన్, ఒకే ఊరు ఇస్తే జవాబు క్యాష్ (ఒకసారి తెచ్చిన జవాబును దాచి ఉంచే చోటు) నుంచి వచ్చేసి అంతా బాగున్నట్టే కనబడుతుంది. లాగిన్లు, ఊళ్లు మార్చి మార్చి ఇవ్వండి. ఓటీపీ ఎస్సెమ్మెస్‌లు మాత్రం ఆపేయండి, లేకపోతే బిల్లు మోగిపోతుంది.

ఇక మరమ్మతు. ఆ రోజు రేట్లు అందరికీ ఒకటే కదా, ప్రతి రిక్వెస్టుకూ డేటాబేస్ దాకా వెళ్లడం దేనికి? పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్ వాడుతుంటే, సెట్టింగ్ మార్చకపోతే దానికుండేవి 100 కనెక్షన్లే. రేట్ల జవాబును ఓ 30 సెకన్లు క్యాష్‌లో పెట్టండి. నోటిఫికేషన్లను విడతలుగా పంపండి. అన్నిటికంటే సులువైనది, ముఖ్యమైన కౌంట్ల రేట్లను నోటిఫికేషన్‌లోనే రాసేయడం. చాలామందికి యాప్ తెరిచే పనే ఉండదు.

ప్రశ్న: కాలేజీ ప్రాజెక్టు కోసం ఏదైనా పెద్ద టికెట్ల సైటు మీద లోడ్ టెస్ట్ (ఒకేసారి బోలెడు రిక్వెస్టులు పంపి తట్టుకుంటుందో లేదో చూడటం) చేయొచ్చా?
– ఒక విద్యార్థిని, ఒంగోలు

జవాబు: వద్దమ్మా. యజమాని అనుమతి లేకుండా చేస్తే దాన్ని టెస్ట్ అనరు, దాడి అంటారు. ఐటీ చట్టం, 2000లోని 43, 66 సెక్షన్ల కింద మూడేళ్ల దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా పడొచ్చు. సీట్లు బుక్ చేసే చిన్న ఏపీఐ మీరే రాసుకోండి. ఒకే సీటును ఒకే క్షణంలో ఇద్దరు అడిగితే ఏమవుతుందో చూపించండి. ప్రాజెక్టుకు కావాల్సినంత సరుకు అందులోనే ఉంది.