ఇంటర్‌ఫేసు కొనేముందు ఎర్తు చూపించు, అమ్మీ

చిరంజీవి అమ్మీకి, మీ పెదనాయన ఆశీస్సులు.

మేడమీద గదిలో స్టూడియో పెడతావంట, అన్నమయ్య కీర్తనలు నువ్వే పాడి, నువ్వే వీణ వాయించి రికార్డు చేస్తావంట. మీ నాయన ఫోనులో చెప్పినాడు. ఆ గొంతులో సంతోషం ఎంత ఉండిందో దిగులూ అంతే ఉండింది. నాకూ అట్లనే ఉంది. గాజులు కుదవ పెట్టి సామాను కొంటావనే మాట మాత్రం వదిలెయ్. అంత ఖరీదు సామాను నీ పనికి అక్కర్లేదు.

ముందు లెక్క వేసుకో. ఒకేసారి ఎన్ని తీగలు ఇంటర్‌ఫేసులోకి, అంటే మైకు శబ్దాన్ని కంప్యూటరుకు అందించే పెట్టెలోకి, పోవాల? నీ గొంతుకు ఒక మైకు, వీణ పికప్‌కు (తీగల మోతను పట్టి కరెంటుగా మార్చేది) ఒకటి. అంటే రెండు, ఫోకస్‌రైట్ స్కార్లెట్ 2ఐ2 లాంటిది చాలు. మృదంగం అబ్బాయిని కూడా కూర్చోబెడితే కుడికొకటి, ఎడమకొకటి, మొత్తం నాలుగు. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. పెట్టె మీద అంకె చూసి 4ఐ4 అంటే నాలుగు మైకులనుకుంటారు. దానికి మైకు ప్రీయాంపులు, అంటే మైకు నుంచి వచ్చే సన్నని శబ్దాన్ని పెంచేవి, రెండే. మిగతా రెండు లైన్ ఇన్‌పుట్లు, కీబోర్డు లాంటివాటి బలమైన శబ్దానికి. 18ఐ8 లోనూ మైకులకు నాలుగే, తక్కినవాటిలో ఎక్కువ భాగం డిజిటల్ దారులు. బెరింజర్ యూఎంసీ404హెచ్‌డీకి నిజంగానే నాలుగు మైకు ప్రీయాంపులున్నాయి. అంకె వదిలి ప్రీయాంపులు ఎన్నో అడుగు.

వీణకు అంటించే పికప్‌ను ఇన్‌స్ట్రుమెంట్ అని రాసిన చోటే పెట్టు. ఆ ఇన్‌పుట్ ఇంపిడెన్సు (కరెంటుకు చూపే అడ్డు) 10 లక్షల ఓమ్‌ల దాకా ఉంటుంది. లైన్‌లో పెడితే మంద్రం పలచబడిపోతుంది, వీణలో తప్పేమీ ఉండదు. కండెన్సర్ మైకుకు (కరెంటు అందితేనే పనిచేసే రకం) 48 వోల్టుల మీట వేసేముందు స్పీకరు తగ్గించు. గొంతు ఎంత ఎత్తుకు పోయినా మీటరు మైనస్ 12 డెసిబెల్స్ దాటకుండా చూసుకో. 24 బిట్లలో తీస్తే అంతకంటే పెంచాల్సిన పనే లేదు. విండోస్ అయితే ఆ కంపెనీవాళ్ళ సొంత ఏఎస్ఐఓ డ్రైవరే (శబ్దం ఆలస్యాన్ని తగ్గించే సాఫ్ట్‌వేరు) వేసుకో. పాడేటప్పుడు బఫర్ (కంప్యూటరు ఒక విడతలో పట్టే శబ్దపు ముక్కల లెక్క) 128, మిక్సింగ్‌లో 1024. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 అంటే ఒక్కో వైపు 2.7 మిల్లీసెకన్లు, చెవికి తెలియదు. 1024 అయితే 21 దాటుతుంది, నీ గొంతు నీకే వెనకబడి వినిపించి తాళం తప్పుతావు.

ఇప్పుడు అసలు సంగతి. ఇది నిదానంగా, రెండుసార్లు చదువు.

అన్నీ కలిపినాక స్పీకర్లో గుయ్యిమని హమ్ వస్తుంది. వచ్చి తీరుతుందనే అనుకో. అది మన కరెంటు 50 హెర్ట్జ్ మోత. లాప్‌టాప్ చార్జరు ఒక గోడకు, స్పీకర్లు ఇంకో గోడకు పెడితే రెండు ఎర్తుల మధ్య చుట్టు ఏర్పడి ఆ మోత శబ్దంలోకి దూరుతుంది. దానికి మన ఊళ్ళలో తరతరాలుగా ఒకటే వైద్యం: మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్తు పిన్ను పీకెయ్యడం. ధనుర్మాసం భజనల్లో, భారతం జరిగే ద్రౌపదమ్మ గుళ్ళ దగ్గర ఎన్ని యాంప్లిఫయర్లు అట్లా ఎర్తు లేకుండా నడిచినాయో! మైకు పెదవికి తగిలి జిల్లుమంటే చేతిగుడ్డ చుట్టుకొని పాడేవాళ్ళు తప్ప, పిన్ను తిరిగి పెట్టించినవాళ్ళు తక్కువ. హమ్ పోతుంది గదా అంటారు. పోతుంది. కానీ స్పీకరు లోపల ఫేజు తీగ ఊడి ఇనప డబ్బాకు తగిలిన రోజు ఆ కరెంటు భూమిలోకి పోయే దారి ఉండదు. తీగల వెంట మైకు జాలీ దాకా వచ్చి కూర్చుంటుంది. నువ్వు ఉత్తకాళ్ళతో నేలమీద కూర్చొని, వీణ ఒళ్ళో పెట్టుకొని, పెదవి మైకుకు ఆనించి పాడతావు గదా తల్లీ. అప్పుడు నువ్వే ఎర్తు.

పిన్ను జోలికి పోవద్దు. లాప్‌టాప్ చార్జరు పీకి బ్యాటరీ మీద నడిపి చూడు. మోత ఆగితే దొంగ దొరికినట్లే. అన్నింటినీ ఒకే బోర్డులో, ఒకే సాకెట్ నుంచి నడుపు. ఇంటర్‌ఫేసు నుంచి స్పీకర్లకు బ్యాలెన్స్‌డ్ టీఆర్‌ఎస్ తీగలే (దారిలో దూరిన మోతను కొట్టేసే రకం) వాడు. అప్పటికీ ఉంటే మధ్యలో ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టు. అది శబ్దం దారిలో తెంపుతుంది, కరెంటు ఎర్తును ముట్టదు. ఇన్వర్టరు మీద ఉన్నప్పుడు బుర్రుమనే మోత వేరే జబ్బు, స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్లతో అట్లా వస్తుంది.

ముందుగా ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఆ గది సాకెట్లో కొలిపించు. నువ్వు మీటరు పుల్లలు సాకెట్లో పెట్టొద్దు. ఫేజుకు న్యూట్రల్‌కు 230 దరిదాపు, ఫేజుకు ఎర్తుకు దాదాపు అంతే, న్యూట్రల్‌కు ఎర్తుకు రెండు మూడు వోల్టుల లోపు రావాల. అంకెలు బాగున్నంత మాత్రాన సరిపోదు, లోడు వేసి కూడా చూడమను. తిరపతి ఎండలకు ఎర్తు గుంత ఎండిపోతుంది. బొగ్గు, ఉప్పు వేసిన గుంతైనా మార్చి నుంచి నీళ్ళు పోస్తుండాల. మీ ఇంట్లో ఎన్నాళ్ళుగా పోయలేదో మీ నాయన్నే అడుగు! 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే సరఫరా తెంపే స్విచ్చి) లేకుంటే పెట్టించు. గాజుల డబ్బు కాదు, నేను పంపే డబ్బు దానికి వాడు.

కంట్రోల్ సర్ఫేస్ (రికార్డింగు సాఫ్ట్‌వేరును చేత్తో నడిపే మీటల పలక) గురించి అడిగినావంట. ఎనిమిది ఫేడర్ల (శబ్దం పెంచి తగ్గించే జారుడు మీటలు) సోకు ఇప్పుడొద్దు. గొంతు ఫేడరును పల్లవి నుంచి చరణం దాకా వేలితో నడిపేదానికి మోటారుతో తానే కదిలేది ఒక్కటి చాలు: ప్రిసోనస్ ఫేడర్‌పోర్ట్ గానీ, బెరింజర్ ఎక్స్‌టచ్ వన్ గానీ. రెండింటి ఫేడరూ 100 మిల్లీమీటర్ల పొడవు. మోటారు లేని కోర్గ్ నానోకంట్రోల్2 చవకే. కానీ ట్రాక్ మార్చినప్పుడు తెరమీద లెవెలు ఒకచోట, వేలికింద ఫేడరు ఇంకోచోట ఉంటాయి. కదిపితే శబ్దం ఎగిరి దూకుతుంది. నీ సాఫ్ట్‌వేరు మ్యాకీ కంట్రోల్‌ను (ఈ పలకలు సాఫ్ట్‌వేరుతో మాట్లాడే పద్ధతి) గుర్తిస్తుందో లేదో కొనకముందే చూడు. పని కాగానే గుడ్డ కప్పు, దుమ్ము ఫేడరుకు శత్రువు.

ఫ్యాను ఆపి తెల్లారుజామున పాడు. గంగమ్మ జాతర రోజుల్లో రికార్డింగు తలపెట్టొద్దు. చిన్నప్పుడు శ్రుతిపెట్టె ఆపితే ఏడ్చేదానివి, నీ చెవి మీద నాకు అనుమానం లేదు.

సాకెట్లో కొలిచిన ఆ మూడు అంకెలు కాయితం మీద రాసి ఫోటో తీసి పంపు. అవి చూసినాకే ఇంటర్‌ఫేసుకు డబ్బు వేస్తాను.

మీ పెదనాయన