రాళ్ల సేకరణకు ఇంట్లో ఉన్న సుత్తి సరిపోతుందా?

మేకులు కొట్టే సుత్తితోనే రాళ్లు, ఖనిజాల సేకరణ మొదలుపెట్టవచ్చా, లేక ప్రత్యేకంగా పనిముట్లు కొనాలా అని మీరు అడిగారు. సుత్తి విషయంలోనూ, కళ్లకు పెట్టుకునే రక్షణ అద్దాల విషయంలోనూ మాత్రం రాజీ పడవద్దనీ, మిగిలినవి అవసరాన్ని బట్టి సమకూర్చుకోవచ్చనీ చాలాకాలంగా ఈ అభిరుచి ఉన్నవాడిగా నా అభిప్రాయం.

మేకుల సుత్తి తయారైనది మెత్తని ఇనుప మేకు కోసం. గట్టి రాతి మీదో, ఉలి తల మీదో దాన్ని బలంగా మోదితే ముఖపు అంచు పెచ్చులూడి, ఉక్కు తునకలు కంటికి తగిలే ప్రమాదం ఉంది. భూగర్భ శాస్త్రజ్ఞుల కోసం చేసే మంచి సుత్తుల్లో తల, కాడ ఒకే ఉక్కు ముక్కగా ఉంటాయి కనుక తల ఊడి ఎగిరిపోతుందన్న భయం ఉండదు; ఎస్ట్‌వింగ్ కంపెనీ సుత్తులకు ఈ విషయంలో మంచి పేరుంది. గ్రానైట్, బసాల్ట్ వంటి గట్టి శిలలతో మీకు ఎక్కువ పని ఉంటే రెండో కొస మొనదేలి ఉన్నదాన్నీ, పొరలుగా విడిపోయే షేల్ వంటి రాళ్లలో శిలాజాలు వెదకదలిస్తే ఉలిలా వెడల్పుగా ఉన్నదాన్నీ ఎంచుకోండి. కొత్తవారు బరువైనదే మేలనుకుంటారు గానీ, చెయ్యి అలసిపోయాక గురి తప్పుతుంది. తల బరువు 600 గ్రాములకు అటూ ఇటూగా ఉంటే చాలు. పెద్ద బండను పగలగొట్టాలంటే పొట్టి కాడ ఉన్న చిన్న సమ్మెటనూ, ఉక్కు ఉలినీ వాడాలి. సుత్తి మొనను రాతి పగులులో పెట్టి దాని తలను ఇంకో సుత్తితో కొట్టడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు, ఎందుకంటే గట్టిపరచిన రెండు ఉక్కు ముఖాలు ఢీకొన్నప్పుడే తునకలు ఎక్కువగా లేస్తాయి.

ఉలి తల దెబ్బలకు పుట్టగొడుగులా విచ్చుకుంటుంది. ఆ అంచులు విరిగి ఎగరకముందే సానరాయి మీద అరగదీయాలి. మొన పదును పెట్టేటప్పుడు మాటిమాటికీ నీళ్లలో ముంచాలి. వేడికి ఉక్కు నీలిరంగుకు తిరిగిందంటే అక్కడ గట్టిదనం పోయినట్లే.

భూతద్దం పది రెట్లు పెద్దదిగా చూపేదైతే చాలు, ఇరవై రెట్లది చేతిలో నిలకడగా నిలవదు. దాన్ని తుడిచే ముందు దుమ్మును ఊదేయాలి, ఎందుకంటే ఖనిజాల కాఠిన్యాన్ని 1 నుంచి 10 వరకు కొలిచే మోస్ కొలమానంలో 7 కాఠిన్యం గల, దుమ్ములోని క్వార్ట్జ్ రేణువులు గాజును సులువుగా గీస్తాయి.

పని ముగిశాక సుత్తినీ ఉలులనీ మట్టి పోయేలా తుడిచి, ఆరబెట్టి, పలుచగా మిషన్ ఆయిల్ రాస్తే తుప్పు పట్టదు. సముద్రతీరంలో వాడినవాటిని ముందు మంచినీటితో కడగాలి. చెక్క పిడి వదులైతే నీళ్లలో నానబెట్టమని కొందరు చెబుతారు గానీ, చెక్క ఆరగానే పిడి మళ్లీ వదులవుతుంది కాబట్టి చీల బిగించడమే సరైన పని. సున్నపురాయిని పరీక్షించే సజల హైడ్రోక్లోరిక్ ఆమ్లపు సీసాను మాత్రం పనిముట్ల సంచిలో ఉంచకండి: మూత ఏమాత్రం వదులుగా ఉన్నా దాని ఆవిరికి, నూనె రాసిన ఉక్కు కూడా తుప్పు పడుతుంది.