షోదే పేరు ఉంటే షోదే చెక్కినట్టేనా?

ప్రశ్న: నమస్తే సార్. మా పెద్దబాపు పోయాక ఆయన గదిలోని పాలరాతి బొమ్మ మా ఇంటికి వచ్చింది. రెక్కలున్న పిల్లవాడు మోకాలి మీద కూర్చొని, సీతాకోకచిలుకను రెక్కలు పట్టుకొని దానికి గులాబీ చూపిస్తుంటాడు. పీఠం వెనక ఇంగ్లిషు అక్షరాలున్నాయి. పాత సామాను కొనే ఒకాయన వాటిని ‘షోదే’ అని చదివి, ఫ్రాన్స్ శిల్పి స్వయంగా చెక్కిందే అన్నారు. ఇప్పుడే ఇచ్చేయమని రోజూ ఫోన్లు. ఇంట్లో టెన్షన్‌గా ఉంది. ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, ముందుగా ఆయన దగ్గర అడ్వాన్స్ తీసుకోకండి.

మీరు రాసిన రూపాన్ని ఊహించింది షోదేనే. ఆంత్వాన్ దెనీ షోదే (1763–1810) దీని ప్లాస్టర్ నమూనాను 1802లో పారిస్ ప్రదర్శనలో పెట్టారు. పిల్లవాడు ప్రేమదేవుడు, సీతాకోకచిలుక ఆత్మకు గుర్తు. పాలరాతి మూర్తి పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉంది. కానీ అది పూర్తయింది 1817లో, షోదే పోయిన ఏడేళ్లకు! దాన్ని పూర్తి చేయించింది పియెర్ కార్తెలియే అనే మరో శిల్పి. లూవ్ర్‌లో ఉన్నదే పూర్తిగా షోదే చేతి పని కానప్పుడు, మీ ఇంట్లోది ఆయన స్వయంగా చెక్కారని ఒక్క పేరు చూసి ఎలా అంటాం?

ఆ రోజుల్లో పని జరిగే తీరే అది. శిల్పి మట్టితో రూపం చేస్తాడు, దాన్ని ప్లాస్టర్‌లో పోస్తారు. ప్లాస్టర్ మీద గుర్తులు పెట్టి, ఆ కొలతలతో పనివాళ్లు రాతిని లోతుగా తొలుస్తారు. ముఖం, వేళ్లు, నునుపు దగ్గర శిల్పి చెయ్యి పడొచ్చు, పడకపోవచ్చు. షోదే చేసిన నెపోలియన్ తలకైతే ఇటలీలోని కరారా పనివాళ్లు పాలరాతి నకళ్లు వరసగా చెక్కారు. అందుకే పేరు నమూనా ఎవరిదో చెబుతుంది, ఉలి పట్టిందెవరో చెప్పదు. మన రామప్పలోనూ 1213 నాటి శాసనం గుడి కట్టించిన రేచర్ల రుద్రుణ్ణి చెబుతుంది. ఆ నల్లరాతి మదనికల నడుము వంపు చెక్కిందెవరో చెప్పదు. అక్కడికి వెళ్లిన ప్రతిసారీ నాకు ఇదే బాధ.

ఇక మీ బొమ్మ. ఎత్తెంతో మీరు రాయలేదు. లూవ్ర్‌లోది చిన్న పిల్లవాడంత ఉంటుంది. మీది బల్ల మీద పట్టేంతదైతే తర్వాతి కాలపు నకలే అయ్యే అవకాశం ఎక్కువ. టార్చి పట్టుకొని రెక్కల కింద, జుట్టు ముడతల్లో, పాదాల వెనక చూడండి. ఉలి గీతలు, బర్మాతో (రాతిని తొలిచే పనిముట్టుతో) వేసిన చిల్లులు కనిపిస్తే చెక్కిన రాయి. అచ్చు అతుకు గీత, సన్నటి గాలి బుడగలు ఉంటే రాతిపొడి కలిపి పోసింది. నిమ్మకాయ, బాత్రూమ్ యాసిడ్ మాత్రం తగలనివ్వకండి. పాలరాయి సున్నపు జాతి, పులుపు తగిలితే పై నునుపంతా తినేస్తుంది. మెత్తటి పొడి బ్రష్ చాలు.

పెద్దబాపు పెట్టెలో పాత రసీదులు, ఉత్తరాలు, ఈ బొమ్మ కనిపించే ఇంటి ఫొటోలు వెతకండి. ఎప్పుడు, ఎక్కడి నుంచి వచ్చిందో తెలిపే కాగితం ఆ చెక్కిన పేరు కంటే విలువైనది. వందేళ్లు దాటిన శిల్పమైతే 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి వస్తుంది, సొంతంగా దేశం దాటించకూడదు. ఆ కొనేవారికి ఈ మాట చెప్పి చూడండి. పేరున్న చోటు, వెనక వైపు, అడుగు భాగం పగటి వెలుగులో ఫొటోలు తీసి, కొలతలతో సహా నాకు పంపండి.