జపాన్ పల్లెటూరిలో టీచరుగా మొదటి నెల: బడి కంటే ముందు ఊరు

విదేశీయులను జపాన్ బడుల్లో సహాయ టీచర్లుగా పెట్టుకునే జెట్ అనే ప్రభుత్వ పథకంలో ఇంగ్లీషు టీచరుగా ఎంపికయ్యాను, జులై ఆఖరున జపాన్‌లో ఏదో పల్లెకు పంపుతున్నారు, మొదటి నెల ఎలా ఉంటుంది, భాష రాకుండా నెట్టుకురాగలనా అని అడిగారు. నెట్టుకురాగలరు. జపనీస్ అక్షరమాలలు హిరగానా, కతకానా రెండూ చదవడం, రాయడం నేర్చుకోండి. అంకెలు, పలకరింపులు నోటికి పట్టించుకోండి. అంతకు మించి పరీక్షల పుస్తకాలు ముందేసుకుని రాత్రింబవళ్లు కూర్చోనక్కర్లేదు. అక్కడి పెద్దవాళ్ల యాస ఏ పుస్తకంలోనూ దొరకదు. వింటూ ఉంటే వస్తుంది.

మీ ప్రశ్న చివర్లో ఇంకో మాట ఉంది. జవాబు రాయాలనిపించింది దానికే. "బడి తెరిచేది ఆగస్టు చివర్లోనట, వారం వారం టోక్యోలో మావాళ్ల దగ్గరికి వెళ్లి వస్తుంటే సరిపోతుందా" అన్నారు. వద్దండీ. వేసవి సెలవులు పిల్లలకే తప్ప మనకు కావు. పనిరోజుల్లో ఊరి విద్యాశాఖ ఆఫీసులో బల్ల ముందు కూర్చోవాల్సిందే. మిగిలేవి పొద్దున్నలు, సాయంత్రాలు, శని ఆదివారాలు. వాటిని ఊరికి ఇచ్చెయ్యండి. నా అనుభవంలో తర్వాత ఏడాదంతా ఎలా గడుస్తుందన్నది ఆ నాలుగు వారాల్లోనే తేలిపోతుంది.

నేను వెళ్లింది 2019లో, షిమానె ప్రిఫెక్చర్‌కి. ప్రిఫెక్చర్ అంటే మన రాష్ట్రం లాంటిది. జపాన్ సముద్రం ఒడ్డున పొడుగ్గా ఉంటుంది. జనాభాలో కింది నుంచి రెండోది, పక్కనున్న తొత్తొరి ఒక్కటే దానికంటే చిన్నది. నాకిచ్చిన ఊరు కొండల్లో, గోనోకావా నది పక్కన. ఆ నది వెంట సాన్కో లైను అని 108 కిలోమీటర్ల రైలు మార్గం ఉండేది. ఎక్కే జనం లేక 2018లో మూసేశారు. నేను వెళ్లేసరికి పట్టాల మధ్య గడ్డి మొలిచి ఉంది. వరి చేల చుట్టూ అడవి పందులు రాకుండా కరెంటు తీగలు. వీధిలో చాలా ఇళ్లకు తాళాలు. ఇళ్ల కప్పులు మాత్రం ఎర్రటి పెంకులు, సెకిషు పెంకులని ఆ ప్రాంతంలోనే కాలుస్తారు. కోనసీమలో పెంకుటింట్లో పెరిగినదాన్ని, ఆ కప్పులు చూశాక కాస్త ప్రాణం కుదుటపడింది.

మొదటి వారం కాగితాలతో సరి. ఇంట్లో దిగిన 14 రోజుల్లోగా టౌన్ ఆఫీసులో అడ్రసు నమోదు చేయించుకోవాలి. ఆ తర్వాత బ్యాంకు ఖాతా, ఫోను, సంతకానికి బదులు వేసే, కతకానాలో పేరు చెక్కించిన ముద్ర. ఇవన్నీ ఆఫీసువాళ్లు దగ్గరుండి చేయిస్తారు, బెంగ పెట్టుకోకండి. బెంగ పెట్టుకోవాల్సింది చెత్త గురించి. కాలేదొక సంచి, కాలనిదొక సంచి, ప్లాస్టిక్ సీసాకు మూత తీసి, చుట్టూ అంటించిన కాగితం ఒలిచి, కడిగి వేరే పెట్టాలి. మా ఊళ్లో సంచి మీద ఇంటివాళ్ల పేరు కూడా రాయాలి. ఏ రోజు ఏ చెత్తో చెప్పే క్యాలెండరు ఇస్తారు, దాన్ని ఫ్రిజ్ మీద అంటించుకోండి. చెత్త సరిగ్గా వేసే మనిషిని ఆ ఊళ్లో సగం నమ్మేసినట్టే.

మిగతా సగం సంగతి చెబుతాను.

మా పక్కింట్లో ఎనభై దాటిన బామ్మగారు ఒక్కరే ఉండేవారు. నేను దిగిన కొత్తల్లో ఒక శనివారం కిటికీలోంచి చూస్తే వాళ్ల పెరట్లో వెదురు చాటల నిండా ఎర్రటి కాయలు పరిచి ఉన్నాయి. గాలికి ఉప్పు, పులుపు కలిసిన వాసన వచ్చింది. నాకు నోట్లో నీళ్లూరాయి, వెంటనే ఏడుపూ వచ్చింది. మా అమ్మ మాగాయ పెట్టే రోజుల వాసన అది. తర్వాత తెలిసింది, అవి ఉమెబోషి, వాళ్ల ఊరగాయ. ఉమె అనే పుల్లటి కాయల్ని జూన్‌లో వాటి బరువులో అయిదో వంతు దాకా ఉప్పు వేసి ఊరబెడతారు. ఊట పైకి తేలుతుంది. ఎర్ర షిసో ఆకు వేస్తే రంగు దిగుతుంది. వానలు వెనకబట్టాక, జులై ఆఖరు ఎండల్లో మూడు రోజులు ఆరబెడతారు. మన మాగాయ చూడండి: ముక్కలకు ఉప్పు, పసుపు పట్టించి మూడు రోజులు ఊరనిచ్చి, పిండి, ఎండలో పోసి, ఊటను విడిగా ఎండబెట్టడం. కారం, మెంతిపిండి, ఇంగువ పోపు ఒక్కటే మనం అదనంగా చేసేది.

ఆ మధ్యాహ్నం బామ్మగారు ఊరి బస్సెక్కి ఆసుపత్రికి వెళ్లారు. మూడింటికల్లా కొండ మీద మబ్బు నల్లబడింది. నాకు ఇక్కడ బయల్దేరే ముందు శిక్షణలో ఒకటికి పదిసార్లు చెప్పారు: జపాన్‌లో పిలవకుండా ఎవరి ఆవరణలోకీ అడుగు పెట్టకూడదు, ఎవరి వస్తువూ ముట్టుకోకూడదు. మంచి మాటే. కానీ ఎండబెట్టిన ఊరగాయ మీద వాన చుక్క పడితే ఏమవుతుందో ఆ శిక్షణ ఇచ్చినవాళ్లకు తెలియదు. తడి తగిలితే బూజే. ఏడాది పచ్చడి పోయినట్టే. చెప్పులు కూడా వేసుకోకుండా పరిగెత్తాను. చాటలు ఒక్కొక్కటే ఎత్తి వాళ్ల వరండాలోకి, చూరు కిందకి చేర్చాను. ఆఖరి చాట లోపల పెడుతుండగా పెద్ద చినుకులు మొదలయ్యాయి. పక్కనే గాజు జాడీలో ఊట కూడా ఎండలో పెట్టి ఉంది. దాని మీద మూత వేసి అదీ లోపల పెట్టాను.

బామ్మగారు గొడుగేసుకుని వచ్చేసరికి నేను తడిసి ముద్దయి వాళ్ల వరండా చివర నిలబడి ఉన్నాను. ఆవిడ ముందు చాటల వంక చూశారు. తర్వాత జాడీ వంక. మూత సరిగ్గా పడిందో లేదో వేలితో తడిమి చూశారు. అప్పుడు నా వంక తిరిగి నడుం వంచారు, నేనూ వంచాను. లోపలికెళ్లి తువ్వాలు తెచ్చి నా తల మీద వేసి గట్టిగా తుడిచారు, మా అమ్మమ్మ తుడిచినంత గట్టిగా. ఒక్క మాట లేదు. మర్నాడు పొద్దున నా గుమ్మం ముందు వార్తాపత్రికలో చుట్టిన దోసకాయలు, వంకాయలు, టమాటాలు ఉన్నాయి.

ఆ సాయంత్రం ఫోనులో మాగాయ ఫొటోలు చూపించి చేతులతో సైగలు చేస్తూ మాగాయ పెట్టడం ఆవిడకు చెప్పాను. మనం చీకటి పడకముందే ముక్కలు లోపలికి తెచ్చేస్తాం, మంచు తగలనివ్వం. వాళ్లు రాత్రి కూడా బయటే ఉంచుతారు, మంచు తగిలితే తొక్క మెత్తబడుతుందని. ఈ విషయం మీద ఇద్దరం చాలాసేపు వాదించుకున్నాం. ఎవరి భాష ఎవరికీ రాదు, అయినా వాదన సాగింది. నాకు జపాన్‌లో మొదటి స్నేహం అది.

నాలుగు రోజుల్లో ఊరందరికీ తెలిసిపోయింది. టౌన్ ఆఫీసులో గుమాస్తా అడిగాడు. సరుకుల వ్యాను తోలుకొచ్చే ఆయన అడిగాడు. బడి తెరిచాక హెడ్మాస్టారు నన్ను పరిచయం చేస్తూ ముందు చెప్పింది ఉమెబోషి సంగతే, నా డిగ్రీల సంగతి ఎవరూ ఎత్తలేదు. పిల్లలు నన్ను అడిగిన మొదటి ప్రశ్న కూడా మీ దేశంలో ఉమెబోషి ఉందా అనే. ఇంత దారి ఏ పాఠ్య ప్రణాళికా వేసిపెట్టదు.

ఊరగాయ మీ ఊళ్లో దొరకకపోవచ్చు. కానీ రేడియో వ్యాయామం దొరుకుతుంది, రేడియో వింటూ అందరూ కలిసి చేసే కసరత్తు. జపాన్ జాతీయ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కే రేడియోలో పొద్దున 6:30కి వస్తుంది, 1928 నుంచి నడుస్తున్న అలవాటు. వేసవి సెలవుల్లో పిల్లలు మెడలో కార్డు వేలాడదీసుకుని గుడి దగ్గరో, పంచాయితీ హాలు దగ్గరో చేరతారు. వచ్చినందుకు కార్డు మీద ముద్ర వేస్తారు. మీరూ వెళ్లండి, ముద్ర మీరూ వేయించుకోండి. బడి తెరిచేనాటికి సగం మంది పిల్లల పేర్లు మీకు తెలుస్తాయి. చనిపోయిన పెద్దల్ని తలుచుకునే ఒబోన్ పండుగ ముందు ఆదివారం ఊరంతా కలిసి దారి పక్కన గడ్డి కోస్తారు, కొడవలి అడిగి తీసుకుని వెళ్లండి. ఆగస్టు 13 నుంచి 16 వరకు ఒబోన్. పట్నాలకు పోయినవాళ్లందరూ వస్తారు, తాళాలు పడ్డ ఇళ్లలో దీపాలు వెలుగుతాయి, రాత్రి డప్పు చుట్టూ గుండ్రంగా తిరుగుతూ ఆడతారు. చూస్తూ నిలబడకండి, వలయంలో కలవండి. ముందున్న మనిషి చేతుల్ని చూసి ఆడితే చాలు.

ఇప్పుడు నన్ను ఏళ్ల తరబడి బాధిస్తున్న ఒక సంగతి చెప్పాలి. "మీది నేటివ్ ఇంగ్లీషు కాదు కదా, ఎలా చెబుతారు" అని మనవాళ్లే అడుగుతారు. ఉద్యోగ ప్రకటనల్లో నేటివ్ స్పీకర్లు మాత్రమే అని రాస్తారు. ఒక ప్రైవేటు సంస్థ ఇంటర్వ్యూలో నా పాస్‌పోర్టు చూసి రెండు నిమిషాల్లో పంపించేశారు. నేను తెలుగు మీడియంలో, జిల్లా పరిషత్ స్కూల్లో చదివాను. పల్లె పిల్లలకు ఇంగ్లీషు చెప్పడానికి అంతకంటే మంచి అర్హత లేదని నా గట్టి నమ్మకం. మనం బస్సు, బుక్కు, కప్పు, గ్లాసు అంటాం. ఆ పిల్లలు బసు, బుక్కు, కప్పు, గురసు అంటారు. మాట చివర అచ్చు చేరకపోతే మనకూ తోచదు, వాళ్లకూ తోచదు. మా ఇంగ్లీషు మాస్టారు మాకు నేర్పించినట్టే నేనూ నేర్పించాను: "కప్" అని పెదాలు మూసి అక్కడే ఆగిపోవాలి, మళ్లీ తెరవకూడదు. నాలుగో తరగతి పిల్లలు ఒక్క పీరియడ్‌లో పట్టేశారు. పుట్టుకతో ఇంగ్లీషు వచ్చినవాళ్లకు అక్కడ ఇబ్బంది ఉందని కూడా తెలియదు.

2020 నుంచి అక్కడ అయిదు, ఆరు తరగతులకు ఇంగ్లీషు పూర్తి స్థాయి పాఠ్యాంశం, ఏడాదికి 70 పీరియడ్లు. మూడు, నాలుగు తరగతులకు 35. చిన్న ఊళ్లలో రెండు తరగతుల పిల్లలు కలిసి 16 మందికి మించకపోతే ఒకే గదిలో కూర్చోబెడతారు. మన ఏకోపాధ్యాయ బడులు చూసినవాళ్లకు ఇదేం వింత కాదు. పాఠం నడిపేది క్లాసు టీచరు, మనం సహాయకులం. కొందరు టీచర్లు మనల్ని చదివి వినిపించడానికి మాత్రమే పిలుస్తారు, దానికి ఒప్పుకుని కూర్చోకండి. పీరియడ్ అయ్యాక మంచిగా అడగండి, పాఠంలో కొంత భాగం మీకివ్వమని.

మధ్యాహ్నం భోజనం పిల్లలతోనే. తెల్ల ఏప్రన్లు కట్టుకుని వాళ్లే వడ్డిస్తారు, తిన్నాక గదులూ వరండాలూ వాళ్లే ఊడుస్తారు. నేను చేపలు తింటాను కాబట్టి సగం కష్టం తప్పింది. శాకాహారులైతే పులుసులో కూడా చేప ఉంటుందని గుర్తుపెట్టుకుని క్యారేజీ కట్టుకెళ్లండి. నెల మొత్తం వంటల పట్టిక ముందే ఇస్తారు. ఏ రోజు ఏమేం పడతాయో అందులో ఉంటుంది. అడిగితే క్లాసు టీచరు ఓపిగ్గా వివరిస్తారు. మీరు తినకపోతే ఎవరూ నొచ్చుకోరు, కానీ పిల్లల పక్కన కూర్చునే తినండి, టీచర్ల గదికి వెళ్లిపోకండి.

టోక్యో సంగతికొస్తాను. అక్కడి నిషికసాయి అనే పేటలో మనవాళ్లు చాలామందే ఉన్నారు, ఇండియన్ సరుకుల దుకాణాలున్నాయి. వెళ్లండి, కానీ అక్టోబరులో వెళ్లండి. హిరోషిమా దాకా బస్సు, అక్కడి నుంచి షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో నాలుగు గంటలు. నాతోపాటు వచ్చినవాళ్లలో వారం వారం పట్నాలకు పరిగెత్తినవాళ్లే ఏడాది తిరక్కుండా ఇక ఉండలేమంటూ వెనక్కి వెళ్లిపోయారు. ఊళ్లో ఉండిపోయినవాళ్లు ఎవరూ అలా అనలేదు. పల్లెలో ఒంటరితనం ఉంటుందని భయపెట్టేవాళ్లలో ఎక్కువమంది పల్లెలో ఒక్క ఆదివారం కూడా గడపనివాళ్లే.

సామాను గురించి కూడా అడిగారు. మిక్సీ తేవద్దు, అక్కడ కరెంటు 100 వోల్టులే, మన 230 వోల్టుల మిక్సీ సరిగ్గా తిరగదు. పచ్చడికి సురిబాచి కొనుక్కోండి, లోపల గీతలు గీసిన మట్టి గిన్నె, కర్రతో నూరాలి. ఇంగువ, కారం తెచ్చుకోండి. ప్రెషర్ కుక్కర్ గ్యాస్ పొయ్యి మీద బాగానే పనిచేస్తుంది. మొదటి జీతం చేతికొచ్చేసరికి మూడు నాలుగు వారాలు పడుతుంది, పల్లెల్లో నోట్లతోనే పని, కాబట్టి యెన్‌లు సరిపడా మార్చుకుని బయల్దేరండి. ఏ ప్రిఫెక్చర్ వచ్చిందో తెలిశాక ఇక్కడే రాయండి, చలికాలం సామాను దాన్నిబట్టి చెబుతాను.