ఎంత కష్టపడినా ఆటలో, ఆఫీసులో ఎదుగుదల లేకపోతే ఏం చేయాలి?

ఏళ్లుగా క్రికెట్ ఆడుతున్నా మీ బౌలింగ్ మెరుగుపడట్లేదని, ఆఫీసులో ఎక్కువ సేపు కూర్చున్నా పని తెమలట్లేదని రాశారు. నేను ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను, పొద్దున్నే షటిల్ ఆడతాను. రెండు చోట్లా నాకు పనికొచ్చింది ఒకటే పద్ధతి. మొత్తం ఆటనో, మొత్తం పనినో మళ్లీ మళ్లీ చేయడం కాదు. ఎక్కడ తడబడుతున్నామో ఆ చిన్న ముక్కను విడిగా తీసి, దాన్నే సాధన చేయాలి.

డబుల్స్‌లో నా షార్ట్ సర్వీస్ నెట్ మీద కాస్త ఎత్తుగా వెళ్లేది. అవతలివాళ్లు ఒక్క అడుగు ముందుకేసి కొట్టేసేవారు. గేములో సర్వీస్ వంతు వచ్చేదే కాసేపు, అప్పుడూ పాయింటు పోతుందనే టెన్షన్. ఇక కొత్తగా ఏం ప్రయత్నిస్తాం? మా కోచ్ గారు నెట్‌కు జానెడు పైన పురికొస కట్టించారు. షటిల్ నెట్ టేపుకీ పురికొసకీ మధ్యలోంచి వెళ్లి, నెట్‌కు 1.98 మీటర్ల దూరంలో ఉండే సర్వీస్ గీత దాటి పడాలి. పాత షటిళ్లు పక్కన పోసుకుని అదొక్కటే చేసేవాణ్ని. పురికొసకు తగిలితే తప్పు అప్పటికప్పుడే కళ్లకు కనపడుతుంది, ఎవరూ చెప్పక్కర్లేదు. కొన్నాళ్లకు చెయ్యి ఊపడం తగ్గి, బొటనవేలితో మెల్లగా నెట్టడం అలవాటైంది.

ఆఫీసులోనూ ఇదే చేశాను. ప్రతి నెలా 20వ తేదీలోపు జీఎస్టీఆర్-3బీ, అంటే నెలవారీ జీఎస్టీ రిటర్న్, వేయాలి. 14న 2బీ, అంటే సప్లయర్లు ఎక్కించిన బిల్లుల జాబితా, వచ్చాక దాంతో మా కొనుగోలు బిల్లులు సరిపోల్చుకోవాలి. ఒక నెల ఎక్కడ ఆగిపోతున్నానో పక్కన కాగితం మీద రాసుకుంటూ వెళ్లాను. టైమంతా తినేస్తున్నది పన్ను లెక్కలు కాదు, బిల్లు నంబర్లు! మా దగ్గర 'కేఆర్/045' అని ఉంటే సప్లయర్ 'కేఆర్45' అని ఎక్కించి ఉంటాడు. ఎక్సెల్‌కు అవి రెండు వేర్వేరు బిల్లులు. పని తక్కువగా ఉండే రోజుల్లో పాత నెలల డేటా తీసుకుని, గీతలు, ముందున్న సున్నాలు తీసేసి సరిపోల్చడం ఒక్కటే సాధన చేశాను. జవాబు ముందే తెలిసిన డేటా కాబట్టి ఎక్కడ తప్పానో వెంటనే తేలిపోయేది. ఇప్పుడు 20వ తేదీ వస్తోందంటే కంగారు లేదు.

1993లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆండర్స్ ఎరిక్సన్ బృందం బెర్లిన్‌లోని వయొలిన్ విద్యార్థుల మీద చేసిన అధ్యయనంలోనూ, బాగా వాయించేవాళ్లు ఒంటరిగా చేసిన సాధన గంటలే మిగతావాళ్లకంటే ఎక్కువగా ఉన్నాయి. వాళ్లు నిద్ర కూడా ఎక్కువే పోయేవారు. ఈ రెండో సంగతిని చాలామంది వదిలేస్తారు. 2011లో వచ్చిన అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ అధ్యయనంలో బాస్కెట్‌బాల్ ఆటగాళ్లను కొన్ని వారాల పాటు రాత్రి 10 గంటలు పడకమీద ఉండేలా చూస్తే, ఫ్రీ త్రోలు (ఫౌల్ అయినప్పుడు ఎవరూ అడ్డురాకుండా బుట్టలోకి వేసే షాట్లు) 9 శాతం మెరుగయ్యాయి, పరుగులో వేగమూ పెరిగింది. అందుకే రాత్రి ఆలస్యమైతే మర్నాడు నేను షటిల్ కోర్టుకు వెళ్లను. నిద్ర చాలని కళ్లతో వేసిన సర్వీసులు చెడ్డ అలవాటునే గట్టిపరుస్తాయి.

సరదాకి ఆడుకునేవాళ్లకు ఇదంతా అక్కర్లేదు. రోజూ హాయిగా ఆడుకుని ఇంటికెళ్లడంలోనూ గొప్ప ఆనందం ఉంది. మీరు మాత్రం మెరుగుపడాలని అడిగారు. కాబట్టి ఈ వారం మ్యాచ్‌కు ముందు కొంచెం త్వరగా వెళ్లి, బ్యాటర్ కాళ్లుండే చోట ఒక బూటు పెట్టి యార్కర్లు మాత్రమే వేయండి. పక్కనుంచి ఎవరినైనా ఫోన్‌లో వీడియో తీయమనండి. బంతి బూటుకు ముందు పడుతోందా, ఫుల్‌టాస్ అవుతోందా చూసి ఇక్కడ రాయండి. ఆఫీసులో మీరు ఏ పని దగ్గర ఆగిపోతున్నారో కూడా చెబితే, దాన్ని ఎలా విడదీయాలో ఆలోచిద్దాం.