ఉపవాసం ఉంటూ గ్లూటాథయోన్ మాత్రలు వేసుకుంటే ఆటోఫజీ రెట్టింపవుతుందా?

మీ ప్రశ్న ఇది: రోజుకి 16 గంటలు తినకుండా ఉంటున్నారు, ఆటోఫజీ కోసం, అంటే కణం తనలోని పాత సామానుని తానే అరిగించుకుని మళ్లీ వాడుకోవడం కోసం. దానికి తోడు విటమిన్ సి, గ్లూటాథయోన్ లాంటి యాంటీఆక్సిడెంట్ (ఆక్సీకరణని అడ్డుకునే) మాత్రలు వేసుకుంటే ఫలితం రెట్టింపవుతుందా అని.

రెట్టింపు మాట దేవుడెరుగు, ఉన్నదీ కొంత పోతుందని నా అనుమానం. మర్యాదకి అనుమానం అంటున్నాను గానీ నాకు దాదాపు నమ్మకమే. ఈ గొడవ మీదే నా నాలుగేళ్లు కరిగిపోయాయి.

హైదరాబాద్‌లో పీహెచ్‌డీ చేసే రోజుల్లో మా సార్ నాకు అప్పజెప్పిన పని చెప్పుకోడానికి చిన్నదే. హీలా కణాల్ని (ల్యాబుల్లో పెంచే మనిషి క్యాన్సర్ కణాలు) రెండు గంటలు ఆకలికి మాడ్చాలి. అంటే అమైనో ఆమ్లాలు, సీరమ్ తీసేసి, ఉప్పులూ కాస్త గ్లూకోజూ మాత్రమే ఉండే ద్రావణంలో ఉంచాలి. సగం పళ్లేలకి ఎన్-ఎసిటైల్ సిస్టీన్ (కణాలు గ్లూటాథయోన్ చేసుకోడానికి వాడుకునే యాంటీఆక్సిడెంట్) కలపాలి, సగం అలాగే వదిలెయ్యాలి. తర్వాత ఎల్‌సి3 అనే ఆటోఫజీ ప్రోటీన్‌కి బ్లాట్ (ప్రోటీన్ ఎంతుందో గీతలుగా చూపించే పరీక్ష) వేస్తే రెండు గీతలొస్తాయి. కింది గీత ముదిరితే ఆటోఫజీ సంచులు, అంటే పాత సామాను మూటకట్టే సంచులు, పెరిగినట్టు. ఆ సంచులు ఖాళీ కాక పేరుకుపోయినా గీత అలాగే ముదురుతుంది కాబట్టి సంచులు ఖాళీ కాకుండా ఆపే బాఫిలోమైసిన్ వేసి ఇంకో వరస కూడా పెట్టుకోవాలి. ఆ మందు ధర అడక్కండి.

ఎన్-ఎసిటైల్ సిస్టీన్ పొడి డబ్బా మూత తీస్తే కుళ్లిన కోడిగుడ్డు వాసన. గంధకం కదా. ఆ రాత్రి మెస్‌లో గుడ్డుకూర. నేను పెరుగన్నం తిని వచ్చి, పదకొండు దాటాక పొడి తూచి, నీళ్లలో కలిపి, 20 మిల్లీమోలార్ లెక్కన పళ్లేలకి పోశాను. చూస్తూండగానే గులాబీ రంగులో ఉన్న ద్రావణం నిమ్మకాయ పసుపుకి తిరిగింది. అందంగా ఉందనుకున్నాను! మందు పనిచేస్తోందేమో అనుకున్నాను కూడా. రెండు రోజుల తర్వాత బ్లాట్ చూస్తే మందు వేసిన వరసలో కింది గీత ఆనవాలు కూడా లేదు. ఎగిరి గంతేశాను. ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెప్పాను. ఆవిడకి ఏం అర్థమైందో గానీ, "పెళ్లి మాట ఎత్తచ్చా అయితే" అంది.

మా సీనియర్ అక్కది కరీంనగర్. బ్లాట్ చేతిలోకి తీసుకుని ఒకే ఒక్క మాట అడిగింది: "పీహెచ్ చూస్కున్నవానే?" చూసుకోలేదు. ఆ పొడి ఆమ్లం. సోడియం హైడ్రాక్సైడ్ చుక్కలు వేసి 7.4కి తెచ్చాకే పొయ్యాలి. నేను కణాలకి ఇచ్చింది యాంటీఆక్సిడెంట్ కాదు, పులుసు. పసుపు రంగు చెప్పింది అదే.

మళ్లీ మొదట్నించీ చేశాను, ఈసారి పీహెచ్ సరిచేసి. కింది గీత పూర్తిగా పోలేదు గానీ స్పష్టంగా పలచబడింది. మూడుసార్లు చేసినా అంతే. మందు ఆటోఫజీని తగ్గిస్తున్న మాట నిజమేనన్నమాట.

కారణం 2007లోనే తేలింది. ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ ఇన్‌స్టిట్యూట్‌లో జ్వులున్ ఎలాజార్ బృందం చూపించింది: ఆకలితో ఉన్న కణంలో హైడ్రోజన్ పెరాక్సైడ్ కొద్దిగా పెరుగుతుంది, అది పోయి ఏటీజీ4 అనే ఎంజైములో ఒక సిస్టీన్‌ని (గంధకం ఉండే అమైనో ఆమ్లం) పట్టుకుంటుంది. ఈ ఏటీజీ4 సినిమా పోస్టర్ల కుర్రాడి లాంటిది. ఎల్‌సి3 అనే పోస్టరు అంచు కత్తిరించి సిద్ధం చేసేదీ అతనే, తర్వాత గోడ మీంచి పీకేసేదీ అతనే. సంచి పొర అనే గోడకి అంటించే పని మాత్రం ఏటీజీ7, ఏటీజీ3 అనే వేరే ఎంజైములది. పెరాక్సైడ్ వచ్చి ఆ కుర్రాడి చెయ్యి కాసేపు కట్టేస్తే, అంటించిన పోస్టరు గోడ మీదే నిలుస్తుంది, సంచి తయారవుతుంది. మీరు మాత్ర వేసి పెరాక్సైడ్‌ని తుడిచేస్తే? పీకుడు కొనసాగుతుంది.

అలాగని పెరాక్సైడ్ ఎక్కువైనా మంచిదేం కాదు. ఆక్సీకరణ శ్రుతి మించితే అంటించేవాళ్ల సిస్టీన్లు కూడా చెడతాయి, పోస్టరే పడదు. నేను అదీ చేసి చూశాను. మిల్లీమోలార్ పెరాక్సైడ్ పోస్తే పొద్దున్నకి కణాలన్నీ గుండ్రంగా అయి పైకి తేలాయి. పప్పులో ఉప్పు వ్యవహారం. ఇంకో మాట, ఆకలి కబురు ముఖ్యంగా వెళ్లేది ఎమ్‌టార్ అనే, కణానికి తిండి ఉందో లేదో చూసే ప్రోటీన్ మీదుగా. పెరాక్సైడ్ ఒక్కటే దారి అని నేను అనట్లేదు. కానీ ఆ దారికి అడ్డంగా మాత్ర పెట్టడం దేనికి?

2010లో కేంబ్రిడ్జ్‌లో డేవిడ్ రుబిన్‌స్టీన్ బృందం విటమిన్ ఈ, ఎన్-ఎసిటైల్ సిస్టీన్ లాంటి చాలా యాంటీఆక్సిడెంట్లు ఆటోఫజీని అడ్డుకుంటాయని కణాల్లోనూ, ఈగల్లోనూ చూపించింది. మనుషులు ఈగలు కాదంటారు. నిజమే. అయితే ఉపవాసం గురించి మీరు చదివిన వాటిలో మాత్రం మనుషుల మీద చేసినవి ఎన్ని?

వాట్సాప్ సంగతి ఎత్తకుండా ఉండలేను. "ఉపవాసానికి నోబెల్ వచ్చింది" అని మా పెదనాన్న ప్రతి ఏకాదశికీ పంపిస్తారు. 2016లో జపాన్ శాస్త్రవేత్త ఒసుమికి నోబెల్ వచ్చింది ఈస్ట్ కణాల్ని మాడ్చి, ఆటోఫజీ ఎలా నడుస్తుందో, ఏ జన్యువులు నడిపిస్తాయో పట్టుకున్నందుకు. ఆయన ఎవర్నీ పస్తు పడుకోబెట్టలేదు. ఇక గ్లూటాథయోన్ అంటే ఇప్పుడు ఒళ్లు తెల్లబడే డ్రిప్పు. మా కాలేజీలో ఇంటర్ పిల్లలు నన్ను గ్లూటాథయోన్ గురించి అడిగితే సంబరపడి బోర్డు మీద సిస్టీన్ గీశాను. వాళ్లకి కావలసింది క్లినిక్ అడ్రసు.

అసలు గ్లూటాథయోన్‌ని మీ కణాలే రోజూ తయారుచేసుకుంటాయి. ఆటోఫజీ కుంటుపడితే పీ62 అనే ప్రోటీన్ పేరుకుపోయి, కీప్1 అనే ఇంకో ప్రోటీన్‌ని పట్టేసుకుంటుంది. కీప్1 చేతిలోంచి బయటపడ్డ ఎన్ఆర్ఎఫ్2 అనే ప్రోటీన్ న్యూక్లియస్‌లోకి పోయి యాంటీఆక్సిడెంట్ జన్యువుల్ని లేపుతుంది. ఆ ఇంట్లో వంట మనిషి ఉంది, మీరు క్యారేజీ పంపిస్తున్నారు.

డాక్టరు రాసిచ్చిన మాత్ర అయితే నా మాట విని ఆపెయ్యకండి. పారాసెటమాల్ మోతాదు మించినవాళ్లని బతికించేది ఇదే ఎన్-ఎసిటైల్ సిస్టీన్. మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్నదైతే తినే పూటకి మార్చుకోండి, లేదా మానెయ్యండి. జామకాయ, ఉసిరికాయ తినడానికి నాకేం అభ్యంతరం లేదు. ఇంతకీ మీరు వేసుకుంటున్నది ఎన్ని మిల్లీగ్రాములో, ఎవరు రాసిచ్చారో చెప్పలేదు.