భేదులని అడుగు, అతిసారమని అడగకు

బుజ్జీ,

2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో డయేరియా వార్తలు చూసినప్పటి నుంచి ఈ ఆలోచన ఉందని, ఇప్పుడు నీ పీజీ థీసిస్ మన పల్లెల్లో డయేరియా మీదేనని ఫోన్లో చెప్పావు. సంతోషం. కానీ వాట్సాప్‌లో పంపిన ప్రశ్నల కాగితం చదివాక నాకు కొంచెం టెన్షన్ పట్టుకుంది. డాక్టరమ్మకి నేను చెప్పేదేముంది అనుకోకు. ముప్పై ఏళ్ళు నర్సమ్మగా, ఆఖర్న సూపర్‌వైజరుగా ఇల్లిల్లూ తిరిగినదాన్ని. గుమ్మం దగ్గర తప్పు రాసుకొస్తే కంప్యూటరులో ఎంత లెక్క కట్టినా అది ఒప్పవదు.

నీ మొదటి ప్రశ్నే చూడు: ‘గత రెండు వారాల్లో మీ బిడ్డకు అతిసారం సోకినదా?’ అతిసారం పేపర్లోనూ కలెక్టరాఫీసు కాగితాల్లోనూ ఉంటుంది. మన ఊళ్ళలో ఉండేవి భేదులు. అలా అడిగినా ముందు ‘లేదమ్మా’ అనే అంటారు, ఎందుకంటే పళ్ళొచ్చేటప్పుడు అయ్యేవీ, దిష్టి తగిలి అయ్యేవీ వాళ్ళ లెక్కలో జబ్బు కాదు. రోజులో మూడుసార్లో అంతకన్నా ఎక్కువో పల్చగా అయితే డయేరియా అని మీ పుస్తకం. చనుబాలు తాగే పసివాడికి మామూలుగానే అన్నిసార్లు అవుతుంది. కాబట్టి ‘రోజూలా కాకుండా ఏమైనా మారిందా?’ అని తల్లినే అడుగు. మార్పు ఆవిడకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

రెండు వారాలు అని కూడా అనకు. మనవాళ్ళు కేలెండరు చూసుకుని జబ్బు పడరు కదా. ‘పోయిన సంతకి ముందా, తర్వాతా?’ అని అడుగు. విజయనగరం వైపు అయితే సిరిమానుకి ముందా వెనకా అంటే రోజుతో సహా చెప్తారు.

ఇక శాంపిళ్ళు. ఇక్కడ నా తప్పే చెప్తాను. ఒక వానాకాలం గెడ్డ (వాగు) అవతల ఊళ్ళో ఒకే వీధిలో ఎనిమిదిమంది పడ్డారు. బియ్యం కడిగిన నీళ్ళలా అవుతోంది. స్వాబులు (మలం నమూనా తీసే దూది పుల్లలు) తీసి, పాడవకూడదని జాగ్రత్తగా ఐసు డబ్బాలో పెట్టాను. నీటి సీసాని మాత్రం జీపు వెనక ఎండలో పడేశాను. సరిగ్గా తలకిందులు! కలరా క్రిమికి చలి పడదు. ఆ స్వాబుని క్యారీ-బ్లెయిర్ గొట్టంలో, అంటే ల్యాబుకి చేరేదాకా క్రిమిని బతికించి ఉంచే జిగురు ఉన్న గొట్టంలో గుచ్చి మామూలు వేడిలోనే పంపాలి. ఐసు కావలసింది నీటి సీసాకి. దానికి తోడు మేం వెళ్ళేసరికే ఊరి నుయ్యి పాలలా తెల్లగా ఉంది, పంచాయతీవాళ్ళు పొద్దున్నే బ్లీచింగ్ గుమ్మరించేశారు. ఆర్‌ఎంపీ అందరికీ సెలైనూ యాంటీబయాటిక్కూ ఎక్కించేశాడు. వారం తర్వాత ‘క్రిమి ఏదీ పెరగలేదు’ అని కాగితం వచ్చింది. అది కలరా అవునో కాదో ఇప్పటికీ నాకు తెలీదు.

అందుకని మాత్ర పడకముందే స్వాబు, బ్లీచింగ్ పడకముందే నీళ్ళు. క్లోరిన్ ఉన్న నీళ్ళయితే క్లోరిన్‌ని విరిచే థయోసల్ఫేట్ వేసిన సీసాలోనే పట్టు, లేకపోతే దారిలో కూడా క్లోరిన్ క్రిములని చంపుతూనే ఉంటుంది. నూతి దగ్గరే ఆగిపోకు. ఇంట్లో బిందె దగ్గర కూర్చో. ‘చేతులు కడుక్కుంటారా?’ అంటే అందరూ కడుక్కుంటామనే అంటారు. ‘దాహంగా ఉంది, మంచినీళ్ళు ఇస్తావా అమ్మా’ అను. గ్లాసు ముంచినప్పుడు వేళ్ళు నీళ్ళలో ఎంతవరకు దిగాయో చూసి, బయటికొచ్చాక రాసుకో. ఆ నీళ్ళు తాగడమా మానడమా నీ ఇష్టం, నేనైతే తాగేదాన్ని.

జబ్బు పడ్డ ఇళ్ళకే వెళ్ళి వచ్చేయకు. 1854లో లండన్‌లో డాక్టరు జాన్ స్నో కలరాకి మూలం బ్రాడ్ స్ట్రీట్ పంపేనని పట్టుకున్నప్పుడు, పక్కనే ఉన్న బీరు కార్ఖానా పనివాళ్ళకి కలరా రాకపోవడం కూడా ఆయనకి సాక్ష్యమే అయింది. వాళ్ళు ఆ పంపు నీళ్ళ జోలికి పోకుండా బీరు తాగేవారట! నీ వీధిలో పడనివాళ్ళు ఏం తాగారో, ఎక్కడ తిన్నారో అంతే ఓపిగ్గా అడుగు.

బంగ్లాదేశ్ మత్లబ్‌లో చేసిన చీర పని నీకు తెలిసే ఉంటుంది. పాత చీరని నాలుగు మడతలేసి చెరువు నీళ్ళు వడపోయిస్తే కలరా 48 శాతం తగ్గిందని అమెరికా శాస్త్రవేత్త రీటా కోల్వెల్ బృందం 2003లో అచ్చువేసింది. క్రిమి నీటిలోని నలుసంత ప్రాణుల్ని అంటిపెట్టుకుని ఉంటుంది, బట్ట వాటిని ఆపుతుంది. పొందూరు ఖాదీ కొత్తది తెచ్చి వడపోస్తే లాభం లేదు, వాడివాడి పోగులు ఉబ్బిన పాతగుడ్డే కావాలి. నాకు అంతకన్నా నచ్చింది, ఐదేళ్ళ తర్వాత వాళ్ళు మళ్ళీ ఆ ఊళ్ళకి వెళ్ళడం. ఇంచుమించు మూడో వంతు ఆడవాళ్ళు ఇంకా వడపోస్తున్నారు, కానీ వాళ్ళలో అందరూ చీరతోనే వడపోయడం లేదు. థీసిస్ ఇచ్చేశాక నువ్వూ ఒకసారి వెళ్ళిరా.

సంచిలో ఓఆర్‌ఎస్ పొట్లాలు, జింకు మాత్రలు లేకుండా బయలుదేరకు. కళ్ళు లోతుకుపోయిన పిల్లాడు కనిపిస్తే, పొట్ట మీద చర్మం గిల్లి వదిలితే ముడత మెల్లగా సర్దుకుంటుంటే, కాగితం మూసేయ్. లీటరు సీసా కూడా పట్టుకెళ్ళు. పెద్ద పొట్లాన్ని గ్లాసుడు నీళ్ళలో కలిపేసే ఇళ్ళు నేను లెక్కలేనన్ని చూశాను, అలా చిక్కగా తాగిస్తే పిల్లాడికి ఇంకా చేటు. 1971 బంగ్లాదేశ్ యుద్ధంలో పశ్చిమ బెంగాల్‌లోని బనగావ్ శరణార్థుల శిబిరంలో సెలైన్ అయిపోతే దిలీప్ మహలనబిస్ అనే డాక్టరు ఈ ఉప్పు-గ్లూకోజు నీళ్ళనే చుట్టాల చేత తాగించాడు. ముప్పై శాతం దాకా ఉన్న చావులు నాలుగు శాతం లోపుకి దిగాయి. అంత గందరగోళంలోనూ ఆయన లెక్క రాయించాడు చూడు, అది నాకు ఇంకా ఆశ్చర్యం.

మా చివరి సర్వేలో ఒక ముసలావిడ, ‘రాసుకెళ్తారు గానీ అమ్మా, మా నీళ్ళు మారతాయేటి?’ అంది. నా దగ్గర జవాబు లేదు. నీ నీటి రిపోర్టు రాగానే పంచాయతీ గోడ మీద తెలుగులో అంటించు. ఆ పని ఏ రోజు చేస్తావో ఇప్పుడే నీ ప్లానులో రాసుకో.

శనివారం రాత్రికల్లా వచ్చేయ్. టికెట్ శ్రీకాకుళం రోడ్డు స్టేషనుకే తీయి, ఆ స్టేషను ఉన్నది ఆమదాలవలసలోనే గానీ ఆ పేరుతో వెతికితే దొరకదు. ఆదివారం పొద్దున్నే మన వీధిలో నాలుగిళ్ళలో నీ ప్రశ్నలు అడిగి చూద్దాం. బూట్లు వద్దు, గెడ్డ దాటాలి.

నీ అత్త